ముందు చక్రం దగ్గర టకటక: కోన్ సెట్ మార్చినా శబ్దం పోలేదు

రాజాం_రహదారి
నాది 2019 చివర్లో కొన్న 125 సీసీ బండి. ముందు డిస్క్ బ్రేకు, ఇప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ రాజాం నుంచి చీపురుపల్లికి వెళ్ళి వస్తాను. రెండు నెలలుగా బండి ముందు భాగం నుంచి ఒక శబ్దం వస్తోంది. నున్నటి తారు రోడ్డు మీద ఏమీ వినిపించదు. చిన్న గతుకులు, రోడ్డుకు అతుకులు వేసిన చోట్లు వచ్చాయంటే మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు టకటకమంటుంది. పెద్ద గుంటలో పడినప్పుడు వినిపించదు, లేదా ఆ కుదుపులో కలిసిపోతుందేమో చెప్పలేను. మా ఊళ్ళో ఒక మెకానిక్ ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను ఒక్కసారి ముందుకూ వెనక్కూ ఊపి, "కోన్ సెట్టు పోనాది బాబూ" అని తేల్చేశాడు. కోన్ సెట్ అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే గుండ్లూ, అవి కూర్చునే గిన్నెలూ. సామానుకీ కూలికీ కలిపి పదకొండు వందలు అయ్యాయి. బండి తీసుకుని బజారు దాటకముందే మళ్ళీ అదే టకటక. తిరిగి వెళ్ళి అడిగితే ముందు షాక్‌లు రెండూ మార్చాలన్నాడు. ఆ ఖర్చు పెట్టే ముందు తెలిసినవారిని ఒక మాట అడుగుదామని రాస్తున్నాను.

సాలూరు_లారీ
షాక్‌ల సంగతి తరువాత చూడవచ్చు. మా ఇంట్లో మూడు తరాలుగా లారీల పనే. శబ్దం వచ్చినప్పుడు ముందు చేత్తో తడమాలి, ఆ తరువాతే పానా పట్టాలి అని మా నాన్నగారు అంటారు. నంబరు ప్లేటు, హారన్ పట్టీ, హెడ్‌లైటు డూమ్, మడ్‌గార్డ్ బోల్టులు, లెగ్ గార్డ్ క్లాంపులు ఒక్కొక్కటీ పట్టుకుని ఆడించి చూడండి. మా తమ్ముడి బండికి మడ్‌గార్డ్ బోల్టు ఒకటి ఊడిపోతే నెల రోజులు ఇంజనులో లోపమని తిరిగాడు.

గుత్తితాళం
తాళం చెవుల గుత్తి మాట మరిచిపోకండి. నేను ఇంటి తాళం, కొట్టు తాళం, బీరువా తాళం, అత్తగారింటి తాళం అన్నీ బండి తాళంతో కలిపి వేలాడదీసేవాడిని. గతుకుల్లో అవి హ్యాండిల్ కింది ప్లేటుకు కొట్టుకుని చేసిన చప్పుడుకు నేను అక్షరాలా రెండు వందలు చెల్లించాను. మెకానిక్ ఆ డబ్బు తీసుకుని, గుత్తి విప్పి నా చేతిలో పెట్టాడు.

రాజాం_రహదారి
సాలూరు గారు చెప్పినవన్నీ తడిమి చూశాను. హారన్ బోల్టు కొద్దిగా వదులుగా ఉంటే బిగించాను గాని శబ్దంలో తేడా లేదు. నా తాళానికి గుత్తి లేదు, ఒక్క తాళమే.

చీపురుపల్లి_మాస్టారు
ఏ వస్తువు మార్చాలి అన్నది ఇప్పుడే అడగవద్దు. శబ్దం దేనిని అనుసరించి వస్తోందో ముందు తేల్చుకోవాలి. చక్రం తిరగడాన్ని అనుసరించేది ఒకటి, గతుకును అనుసరించేది ఒకటి, బ్రేకును అనుసరించేది ఒకటి, హ్యాండిల్ తిప్పినప్పుడు వచ్చేది ఒకటి, ఇంజను వేగాన్ని అనుసరించేది ఇంకొకటి. ఇవి వేర్వేరు ఇళ్ళు, ఒక ఇంటి దొంగను మరో ఇంట్లో వెతికితే దొరకడు.

చక్రం సంగతే తీసుకుందాం. మీ బండికి 18 అంగుళాల చక్రం, 80/100 టైరు అయితే అది ఒక చుట్టు తిరిగేసరికి సుమారు 1.9 మీటర్ల దూరం పోతుంది. అంటే గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు మూడు చుట్లు. ఆ వేగంలో శబ్దం సెకనుకు మూడుసార్లు చప్పట్లు కొట్టినట్టు క్రమంగా వస్తూ, 40కి చేరగానే అది ఆరవుతూ ఉంటే లోపం చక్రానికి అంటిపెట్టుకుని ఉన్నదే. వంగిన డిస్కో, టైరులో దిగిన మేకో, బేరింగో, రిమ్ముకు తగిలే మరేదో అవుతుంది. మీరు చెప్పినదానిలో క్రమం లేదు, నున్నటి రోడ్డు మీద అసలు లేనే లేదు. కాబట్టి నా దృష్టిలో చక్రాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక మీరు చేయవలసినది ఒకటే. ఆ గతుకుల రోడ్డు మీదే 20 వేగంలో వెళ్తూ, శబ్దం వస్తుండగా ముందు బ్రేకు లివరును రెండు వేళ్ళతో చాలా తేలికగా, బండి ఆగకుండా ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా నొక్కే బిళ్ళలు) డిస్కుకు ఆనీ ఆననట్టు పట్టుకోండి. శబ్దం ఆగుతుందా లేదా చెప్పండి.

పాలకొండ_పానా
మాస్టారి లెక్క సరైనదే గాని చక్రాన్ని అంత త్వరగా వదిలేయవద్దు, కోన్ సెట్‌ను అసలే వదలవద్దు. నేను పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కొత్త కోన్ సెట్ వేశాక గిన్నెలు సరిగ్గా కూర్చోకపోతే నాలుగు రోజుల్లో వదులవుతుంది, తిరిగి బిగించాలి. కొత్తది వేశారు కాబట్టి అక్కడ లోపం లేదనుకోవడం పొరపాటు.

ఇలా చూడండి. బండిని మెయిన్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్క పెట్టి ముందు చక్రం గాలిలో ఉండేలా లేపండి. షాక్‌ల అడుగు భాగాలను, అంటే ఇరుసు దగ్గర, రెండు చేతులతో పట్టుకుని మీ వైపు లాగి వెనక్కి నెట్టండి. కదలిక ఉంటే కోన్ సెట్ వదులు. తరువాత హ్యాండిల్‌ను నిటారుగా పెట్టి ఒక వేలితో కొద్దిగా నెట్టండి. దాని బరువుకు అదే ఆ చివరి దాకా వాలిపోవాలి. వాలకపోతే మరీ ఎక్కువ బిగించారు. అలాంటి బండి నెమ్మదిగా పోయేటప్పుడు తూలుతుంది. మధ్యలో గాడిలో పడినట్టు ఒకచోట ఆగితే, బండి నిటారుగా పోయే చోటే గుండ్లు గిన్నెకు గుంటలు పెట్టాయన్నమాట. అప్పుడు ఎంత బిగించినా లాభం లేదు.

ఘంటస్తంభం_1
నాకు ఒక సందేహం. మెకానిక్ బ్రేకు పట్టి ఊపినప్పుడు టక్కుమన్నది గనుకనే కోన్ సెట్ అన్నాడు గదా. శబ్దం నిజంగా వచ్చిందా, లేక అలవాటు కొద్దీ అన్నాడా?

రాజాం_రహదారి
వచ్చింది, నేను కూడా విన్నాను. కొత్తది వేశాక కూడా అలా ఊపితే టక్కుమంటోంది. అందుకే షాక్‌లు అన్నాడు.

చీపురుపల్లి_మాస్టారు
అసలు చిక్కు అక్కడే ఉంది. ముందు బ్రేకు పట్టి బండిని ఊపినప్పుడు మూడు చోట్ల టక్కుమనవచ్చు. ఒకటి కోన్ సెట్, రెండు షాక్ లోపలి బుష్ అనే తొడుగు, మూడు బ్రేకు గూడైన క్యాలిపర్‌లో ప్యాడ్లు. డిస్కు కదలకుండా ప్యాడ్లు పట్టుకుంటాయి గాని, ఆ ప్యాడ్లు తమ గూట్లో వదులుగా ఉంటే ఊపినప్పుడల్లా అవి ముందుకూ వెనక్కూ జరిగి అంచుకు కొట్టుకుంటాయి. ఆ చప్పుడు ఇనుము వెంట హ్యాండిల్ దాకా పాకి, పట్టుకున్న చేతికి కోన్ సెట్‌లోనే పుట్టినట్టు అనిపిస్తుంది. చెవి మోసపోయినా వేలు మోసపోదు. ఎడమ చేతి చూపుడు వేలిని హెడ్ పైపుకూ (హ్యాండిల్ ఇరుసు దూరే ఫ్రేము గొట్టం) దాని కింది టీ ప్లేటుకూ (రెండు షాక్‌లనూ కలిపి పట్టే అడ్డపట్టీ) మధ్య సందులో ఆనించి, కుడి చేత్తో బ్రేకు పట్టి ఊపండి. కోన్ సెట్‌లో వదులుంటే వేలి కింద రెండు ఇనుములూ ఒకదానిమీద ఒకటి జరిగినట్టు స్పష్టంగా తెలుస్తుంది.

కళింగపట్నం_కెరటం
పాలకొండ గారు చక్రాన్ని వదలవద్దన్నారు, నేనూ అదే అంటాను. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. ముందు చక్రం బేరింగులు రెండేళ్ళు నిలిస్తే గొప్ప. పోయినసారి పంచర్ కొట్టువాడు బేరింగులు మార్చి, రెండింటి మధ్య ఉండే ఇనుప గొట్టాన్ని లోపల వేయడం మరిచిపోయాడు. ఇరుసు బిగించగానే రెండు బేరింగుల లోపలి వలయాలు ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోయాయి. వారం తిరగకముందే గుర్రుగుర్రుమని, హబ్బు చేయి పెట్టలేనంత వేడెక్కింది. ఆ పాత గొట్టం ఆయన కొట్లో గల్లాపెట్టె పక్కన దొరికింది, దాని మీద అగరుబత్తి గుచ్చి ఉంది.

గుత్తితాళం
పోనీలెండి, దేవుడి దగ్గరే ఉంది.

పాలకొండ_పానా
బేరింగు కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకె చూసుకోండి. 6301 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, 6202 అంటే 15. చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నదని అర్థం. సముద్రం పక్క ఊళ్ళకు మూత లేనిది కొనడం డబ్బు ఇసుకలో పోసుకోవడమే.

రాజాం_రహదారి
నిన్న ఆదివారం కావడంతో అన్నీ వరుసగా చేశాను. చక్రం లేపి షాక్‌ల అడుగు పట్టుకుని లాగితే కదలిక లేదు. హ్యాండిల్ రెండు వైపులా తనంతట తానే వాలింది, మధ్యలో గాడి లేదు. చక్రాన్ని పైనా కిందా, ఇటూ అటూ పట్టి ఆడించినా, చేత్తో తిప్పినా గరగర లేదు. బ్రేకు పట్టి ఊపితే టక్కుమంది గాని, సందులో ఆనించిన వేలికి ఏమీ తెలియలేదు. సాయంత్రం పాలకొండ రోడ్డు మీద మాస్టారు చెప్పినట్టు రెండు వేళ్ళతో బ్రేకు తేలికగా పట్టాను. టకటక ఠక్కున ఆగిపోయింది. వదిలితే మళ్ళీ మొదలు. పది పన్నెండు సార్లు అలా పట్టుకుంటూ వదులుకుంటూ వెళ్ళాను. వెనక వస్తున్న ఆటో ఆయన బ్రేకు లైటు చూసి విసిగిపోయి దాటుకుపోతూ ఏదో అన్నాడు గాని వినిపించలేదు.

చీపురుపల్లి_మాస్టారు
ఒక్క జాగ్రత్త. 2019 ఏప్రిల్ తరువాత అమ్మిన 125 సీసీ బండి కాబట్టి సీబీఎస్ ఉండి ఉంటుంది. వెనక బ్రేకు తొక్కినా ముందుది కొంత పట్టుకుంటుంది. పరీక్ష చేసినప్పుడు కాలు పెడల్ మీద లేదు గదా?

రాజాం_రహదారి
లేదు మాస్టారూ. తరువాత విడిగా వెనక బ్రేకు తొక్కి చూసినా శబ్దం ఆగింది, అది ఎందుకో మీరు చెప్పేదాకా తెలియలేదు.

చీపురుపల్లి_మాస్టారు
అయితే ప్యాడ్లే. బ్రేకు పట్టినప్పుడు అవి డిస్కుకు అతుక్కుని నిలుస్తాయి, వదిలినప్పుడు గూట్లో ఆడుతున్నాయి. ఈ మధ్య ప్యాడ్లు మార్పించారా?

రాజాం_రహదారి
మార్పించాను. సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్ళే ముందు ప్యాడ్లూ, ముందు ఎడమ షాక్ ఆయిల్ సీలూ ఒకేసారి వేయించాను. మొదటే రాయవలసింది. శబ్దం ఆ తరువాతే మొదలైందని ఇప్పుడు లెక్క చూసుకుంటే తెలుస్తోంది.

ఘంటస్తంభం_1
రోగి అసలు సంగతి చివర్లో చెప్పడమంటే ఇదే.

పాలకొండ_పానా
నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను, కోన్ సెట్ కాదు. క్యాలిపర్ లోపల ప్యాడ్ల వీపును నొక్కి పట్టే పలుచని ఉక్కు రేకు ఒకటి ఉంటుంది, స్ప్రింగులా వంచి ఉంటుంది. పాత ప్యాడ్లు తీసినప్పుడు అది జారి పడుతుంది, తొందరలో ఉన్నవాడు చూసుకోడు. అది లేకపోయినా బ్రేకు పనిచేస్తుంది గనుక ఎవరికీ తెలియదు. మీరే విప్పగలరు. క్యాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులు తీయండి, బ్రేకు గొట్టానికి వేలాడకుండా తాడుతో పైకి కట్టండి. విప్పి ఉండగా లివరు ఎవరినీ నొక్కనివ్వకండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. సీబీఎస్ బండి గనుక పెడల్ కూడా తొక్కకూడదు. ప్యాడ్లను నెట్టే పిస్టన్ బయటికి వచ్చిందంటే ఆదివారం గోవిందా. క్యాలిపర్ జరిగే పిన్నులకు డిస్క్ బ్రేకుకని అమ్మే సిలికాన్ గ్రీజే రాయండి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. అన్నీ బిగించాక బండి కదిలించే ముందు లివరు గట్టిపడేదాకా పంపు కొట్టండి. అది మరిచినవాడికి మొదటి బ్రేకు పడదు.

పొందూరు_నూలు
ఇవన్నీ ఇంట్లో విప్పమని సలహా ఇవ్వడం నాకు నచ్చలేదు. బ్రేకు అంటే ప్రాణంతో పని. తెలిసిన మెకానిక్ ముందు కూర్చుని చేయించుకోవడమే మేలు.

పాలకొండ_పానా
మీరన్నదీ న్యాయమే. అయితే ఈయన బ్రేకు విప్పి రేకు వదిలేసినవాడూ తెలిసిన మెకానిక్కే గదా. చేతకాదనిపిస్తే ముట్టుకోవద్దు, ఎదురుగా నిలబడి చేయించుకోవాలి.

రాజాం_రహదారి
పొందూరు గారి మాట విని మా బావగారిని పిలిపించాను. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. బోల్టులు తీసి క్యాలిపర్‌ను డిస్కు మీదనుంచి జార్చగానే రెండు ప్యాడ్లూ లోపల గలగలలాడాయి. ఆయన క్యాలిపర్‌ను చెవి దగ్గర పెట్టి గిలక్కాయలా ఆడించి నా వైపు చూశారు. రెండు నెలలుగా నేను విన్న శబ్దం అదే. లోపల రేకు లేదు. ప్యాడ్లు బయటికి తీస్తే మందం బాగానే ఉంది, అరుగుదల గీత దాకా ఇంకా చాలా అరగాలి. వాటి చెవుల అంచుల్లో మాత్రం నల్ల రంగు పోయి, బియ్యపు గింజంత మేర వెండిలా మెరుస్తున్న మచ్చలున్నాయి. గూట్లో అవి తగిలే చోట కూడా సరిగ్గా అంతే మెరుపు. రేకు ఒక్కటీ విడిగా ఎక్కడా దొరకలేదు. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ వైపు నాలుగు కొట్లు తిరిగితే, ఒకాయన పాత క్యాలిపర్ల పెట్టెలో వెతికి అదే రకంది తీసి ముప్పై రూపాయలకు ఇచ్చాడు.

సాలూరు_లారీ
ముప్పై రూపాయల రేకుకు పదకొండు వందల కోన్ సెట్. పాత కోన్ సెట్ మీ చేతికి ఇచ్చాడా?

రాజాం_రహదారి
అడిగి తెచ్చుకున్నాను. గిన్నెలు అద్దంలా ఉన్నాయి, ఒక్క గుంట లేదు. టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాను.

కళింగపట్నం_కెరటం
మొత్తానికి పోయింది గదా, పార్టీ ఎక్కడ? రాజాం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో కూడా చెప్పండి, వచ్చేస్తాం.

రాజాం_రహదారి
2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లా. జిల్లా మారింది గాని గతుకులు బదిలీ కాలేదు.

పార్టీకి ముందు ఇంకొక సంగతి. టకటక పూర్తిగా పోయింది. అది పోయాక ఇంకో శబ్దం వినిపిస్తోంది. స్పీడ్ బ్రేకరు ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడు ముందు భాగం పైకి లేస్తూ లోపలెక్కడో "ధబ్" మంటుంది, ఒక్కసారే. ఇది పాతదా, కొత్తదా నాకు తెలియదు.

ఘంటస్తంభం_1
ఇప్పుడు మళ్ళీ షాక్‌లే అంటారేమో. మెకానిక్ చెప్పినది సగం నిజమైనట్టేనా?

చీపురుపల్లి_మాస్టారు
షాక్‌లలో ఉన్నది వేరు, షాక్‌లు మార్చడం వేరు. స్ప్రింగు నొక్కుకున్నాక తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసేది అందులోని నూనె. సన్నని రంధ్రాలలోంచి అది నెమ్మదిగా దాటవలసి రావడం వల్లనే బండి ముందు భాగం ఎగిరిపడకుండా మెల్లగా లేస్తుంది. నూనె తగ్గితే అడ్డు చెప్పేవాడు ఉండడు, గొట్టం చివరిదాకా విసురుగా లేచి పైన తగులుతుంది. ఎడమ షాక్ సీల్ మార్పించానన్నారు. అప్పుడు నూనె కొలిచి పోశాడా?

రాజాం_రహదారి
డబ్బాలోంచి చూపు అంచనాతో పోశాడు. "సరిపోద్ది బాబూ" అన్నాడు.

పాలకొండ_పానా
ఆ మాటకు మా వృత్తిలో కొలత లేదు. రెండు షాక్‌లూ దింపి, నూనె వంచి, రెండింటిలోనూ సమానంగా పోయాలి. ఎంత అన్నది బండికో లెక్క ఉంటుంది, మీ బండితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి. ఒకవైపు సీల్ పోయినప్పుడు రెండు వైపులా మార్చడమే పద్ధతి. ఇంజనాయిలు పోస్తామనేవాడిని నమ్మకండి.

పొందూరు_నూలు
కొలత గ్లాసు లేనివారు దగ్గు మందు సీసా మూత వాడవచ్చు. దాని మీద 10 మిల్లీలీటర్ల దాకా గీతలుంటాయి. తరువాత ఆ మూతను దయచేసి పారేయండి.

రాజాం_రహదారి
బావగారితోనే చేయించాను. రెండు షాక్‌లూ దింపి వేర్వేరు గిన్నెల్లోకి తలకిందులుగా వంచి, నూనె బొట్టు బొట్టుగా ఆగేదాకా పైకీ కిందికీ ఆడించారు. కుడి దానిలోంచి 150 మిల్లీలీటర్ల పైచిలుకు వచ్చింది, నల్లగా ఉంది. ఎడమ దానిలోంచి ఎర్రగా కొత్త నూనే వచ్చింది గాని 90 కూడా నిండలేదు. రెండు వైపులా కొత్త సీళ్ళు వేసి, పుస్తకంలో రాసినంత కొలిచి పోశాం. ఈ ఉదయం చీపురుపల్లి దాకా వెళ్ళి వచ్చాను. దారిలో స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టాను, పదిహేడు. ఒక్కదాని మీద కూడా ధబ్ మనలేదు, టకటక లేదు.

బండి ఇంత నిశ్శబ్దం అయ్యేసరికి 45 దాటాక మీటరు కేబుల్ దగ్గర సన్నగా కుయ్ మంటున్నది వినిపిస్తోంది.

గుత్తితాళం
ముందు తాళం తీసి చూడండి.